ఆడబిడ్డ ఉన్న ఊరిలో హోటల్ గది తీసుకోవచ్చా?

కావలి దగ్గరి ఒక తీరగ్రామం నుంచి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఒకరు, పేరు వేయవద్దన్న మాటతో, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె భర్తకు రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరూ, ఏడో తరగతి చదివే కూతురూ, అత్తగారూ. దసరా సెలవుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లి, వారం రోజులు ఆ ఊరిని తీరిగ్గా చూడాలనీ, తీరం వెంట నడవాలనీ, కొండలెక్కాలనీ ఆమె కోరిక. అందుకు కావలసిన డబ్బును తన జీతంలోంచే విడిగా దాచుకున్నారు. భర్తను అడిగితే చెరువులు వదిలి రావడం కుదరదనీ, వెళ్లాలనుకుంటే "నీ ఇష్టం" అనీ అన్నారట. అది ఒప్పుకోలో, అలకో ఆమె తేల్చుకోలేకపోతున్నారు. అత్తగారు మాత్రం తన మాట స్పష్టంగానే చెప్పారు. "వాకిట్లో సముద్రం పెట్టుకుని, సముద్రం చూడ్డానికి ఎవరన్నా రైలెక్కి పోతారా?" అన్నది ఆవిడ మొదటి అభ్యంతరం. రెండోది అంతకంటే బరువైనది. ఆవిడ పెద్దకూతురు, అంటే ఈ ఉపాధ్యాయురాలికి వదినగారు, గాజువాకలో కాపురముంటున్నారు. సొంత మనిషి ఇల్లుండగా అదే ఊరిలో హోటల్లో దిగితే నలుగురూ ఏమనుకుంటారని ఆవిడ ప్రశ్న. రెండేళ్ల కిందట ఆ వదినగారి గృహప్రవేశానికి వెళ్లి నాలుగు రోజులున్నప్పుడు తాను చూసింది వంటిల్లు, ఒక బట్టల దుకాణం, చీకటి పడ్డాక కారు అద్దంలోంచి బీచ్ రోడ్డు మాత్రమేననీ, పాప కాళ్లు కూడా తడుపుకోలేదనీ ఈవిడ రాశారు. వదినగారికి తెలియకుండా వెళ్లి వచ్చేద్దామా అన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చిందట. ఏడు రోజులకూ గంటల లెక్కన వేసుకున్న పట్టికను ఉత్తరానికి జతచేసి, ఇలా కోరుకోవడం తప్పా, తప్పు కాకపోతే ఎవరినీ నొప్పించకుండా వెళ్లి రావడం ఎలా, పట్టిక సరిగ్గా ఉందా అని అడిగారు.

అమ్మా,

తప్పా కాదా అన్న ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలుసు. తప్పనుకునేవారైతే నెలనెలా డబ్బు దాచేవారు కారు, రైళ్ల వేళలు చూసి పట్టిక వేసేవారూ కారు. కాబట్టి దాన్ని వదిలేసి, నిజంగా చిక్కుపడ్డ చోటికి వెళదాం. భర్త లేకుండా వెళ్లడం, ఎక్కడ దిగడం, వారాన్ని ఎలా గడపడం అన్న మూడు విషయాలు మీ ఉత్తరంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మీరు వాటిని ఆ వరుసలోనే రాశారు గాని, నేను దిగే చోటు దగ్గర మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

దానికి ముందు మీ అత్తగారి మొదటి మాటకు ఒక సమాధానం చెప్పుకోవాలి, ఎందుకంటే అది కొట్టిపారేయవలసిన మాట కాదు. తుమ్మలపెంట, రామాయపట్నం, మైపాడు, కోడూరు, అటు ఒంగోలు వైపు కొత్తపట్నం, ఇంత తీరం మనకూ ఉంది. అయితే మన తీరం చదునైనది. ఇసుక, సరుగుడు తోపులు, ఉప్పునీటి కాలువలు, ఇప్పుడు వాటిమధ్య చెరువులు, హేచరీలు. కొండ కావాలంటే వెలుగొండల దాకా పడమటికి పోవాలి. విశాఖపట్నంలో తూర్పు కనుమల కొండలు నేరుగా నీటి అంచు దాకా వచ్చి ఆగుతాయి. ఒకే పూటలో కొండ ఎక్కి, దిగి, అలల పక్కన నడవడం అక్కడ సాధ్యం. మరో తేడా కూడా ఉంది, దాన్ని మీరు రాయలేదు గాని మీ ఉత్తరం నిండా అదే ఉంది. మన తీరంలో మీరు ఫలానా వారి కోడలు, పిల్లల టీచరమ్మ. తుమ్మలపెంటలో చెప్పులు చేత్తో పట్టుకుని గంటసేపు ఊరికే నడిస్తే, సాయంత్రానికి ఎవరో ఒకరు ఇంటికొచ్చి ఒంట్లో బాగుందా అని అడుగుతారు. ఈ రెండో తేడాను అత్తగారికి వివరించబోకండి, ఫలితం ఉండదు. మొదటిది చెప్పండి చాలు.

ఇక బస సంగతి. విశాఖపట్నం తీరం వెంట పొడుగ్గా సాగిన ఊరు. ఓడరేవు కాలువ సముద్రంలో కలిసే చోట డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డంగా నిలబడుతుంది. మీరు పట్టికలో రాసుకున్న ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ ఆ కొండకు ఉత్తరాన, బీచ్ రోడ్డు వెంట వరుసగా ఉన్నాయి. గాజువాక ఆ కొండకు ఇవతల, ఉక్కు కర్మాగారం వైపు ఉంది. అక్కడినుంచి ఆర్కే బీచ్‌కే దాదాపు 15 కిలోమీటర్లు, అదీ లారీలూ కంపెనీ బస్సులూ నిండిన రోడ్లమీద. మీరు కోరుకున్న వారం చాలావరకు తెల్లవారుజామున జరిగేది. బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని ఆ వేళ వాహనాలు ఆపి నడిచేవాళ్లకే వదిలేస్తారు. ఎండ ముదరక ముందే కొండ ఎక్కాలి, వల లాగేవాళ్లను చూడాలన్నా ఆ వేళే. గాజువాకలో నిద్ర లేచి, వదినగారు పెట్టిన టిఫిన్ తినకుండా లేవలేక, తిని బయలుదేరేసరికి ఆ పూట అయిపోతుంది. పోయినసారి మీకు జరిగింది ఇదే. అందులో వదినగారి తప్పేమీ లేదు, దూరమే అంత.

మీకు ఉన్న దారులు నాలుగు. వాటిలో ఒకదాన్ని, అంటే చెప్పకుండా వెళ్లి రావడాన్ని, మీరే మొహమాటంగా రాశారు. పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని, ఫోన్లున్న ఈ రోజుల్లో అది దాగదు. పాప ఒక ఫోటో ఎవరికో పంపుతుంది, అది మర్నాడు గాజువాక చేరుతుంది. హోటల్లో దిగడాన్ని కొన్నాళ్లకు మరిచిపోగలరేమో గాని, దాచడాన్ని ఏ ఆడబిడ్డా మరిచిపోదు.

వారమంతా వదినగారి ఇంట్లోనే ఉండడం రెండో దారి. ఖర్చు తగ్గుతుంది, అత్తగారు సంతోషిస్తారు, మీవారికి దిగులుండదు. దాని మూల్యం పైన చెప్పాను. దానికి తోడు, వారం రోజుల అతిథి అంటే ఆ ఇంటి గృహిణికి ఎంత పనో మీరూ ఒక ఇంటిని నడిపేవారే కనుక మీకు తెలుసు. మర్యాదకు మీరు వంటింట్లోకి వెళతారు, వెళ్లాక మధ్యాహ్నం దాకా బయటికి రారు. ఈ దారే ఎంచుకుంటే, ఏ రోజుల్లో తెల్లవారకముందే వెళ్లి రాత్రికి వస్తారో, ఆ రోజుల్లో తిండి బయటే అని మొదటి రోజే చెప్పేయాలి. సగం వారమైనా దక్కుతుంది.

వారమంతా హోటల్లో ఉండి, ఒక పూట భోజనానికి వదినగారింటికి వెళ్లి రావడం మూడో దారి. మీ పట్టికకు ఇదే సరిపోతుంది. కాకపోతే మనవైపు బంధువుల్లో "మా ఇల్లు పనికిరాలేదా" అన్న మాట ఒకసారి పుడితే ఏళ్లతరబడి ప్రతి పెళ్లిలోనూ వినిపిస్తుంది. దాన్ని ఎక్కువగా మోయవలసింది మీరు కాదు, మీవారు. ఆ భారం ఆయన మీద పెట్టే ముందు ఆయనను అడగడం న్యాయం.

నాలుగోది వారాన్ని రెండుగా పంచుకోవడం. నాకు ఇది సుళువుగా తోచడానికి కారణం రాజీ మీద మోజు కాదు, ఆ ఊరి అమరికే అలా ఉంది. యారాడ బీచ్, డాల్ఫిన్స్ నోస్ మీద ఉన్న లైట్‌హౌస్ గాజువాక వైపు నుంచే దగ్గర. సింహాచలానికి కూడా అటునుంచి ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా వెళ్లవచ్చు. అంటే మొదటి రెండు రాత్రులు వదినగారింట్లో ఉంటే మీరు నష్టపోయేది ఏమీ లేదు, ఆ వైపు చూడవలసినవి ఆ వైపునుంచే చూస్తారు. రైలు దిగడం కూడా విశాఖపట్నం దాకా పోకుండా, మీ రైలు ఆగేదైతే, దువ్వాడలో దిగితే గాజువాక దగ్గర. మూడోనాడు సామాను తీసుకుని బీచ్ వైపు మారిపోతారు. ఇబ్బందులు ఇందులోనూ ఉన్నాయి. మధ్యలో పెట్టెలు సర్దుకోవాలి. "ఇంకో రెండు రోజులుండి పోరాదా" అని వదినగారు పట్టుబట్టినప్పుడు, గది ముందే తీసుకుని ఉండకపోతే మీరు కదలలేరు. అందుకని గది ఇక్కడినుంచే ఖాయం చేసుకుని, ఫలానా తేదీ నుంచి అని ముందే చెప్పి ఉంచాలి. వదినగారిల్లు చివర్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు. ఊరంతా తిరిగి, అలసిపోయి, మాసిన బట్టల మూటతో చివరికి ఆమె గడప తొక్కితే, మిగిలిన రోజులు తనకు పడేశారని ఆమెకు అనిపిస్తుంది. ముందే వెళ్లడం మంచిది.

ఇక్కడ ఒక విషయం మీ దృష్టికి తేవాలి. మీ ఉత్తరంలో అత్తగారి మాటలున్నాయి, మీవారి మాట ఉంది, ఎదురింటివారు ఏమంటారో కూడా ఉంది. వదినగారు ఏమన్నారో ఎక్కడా లేదు. ఆమెకు కోపం వస్తుందని అందరూ ఆమె తరఫున అనుకుంటున్నారు తప్ప, ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. దసరా సెలవుల్లో వారం రోజులు చుట్టాలు వస్తున్నారంటే ఆమెకు సంతోషంతోపాటు కొంత కంగారు కూడా ఉండవచ్చు. ఆమె పిల్లల చదువులు, ఆమె భర్త షిఫ్టులు మనకు తెలియవు. అనుమతి అడిగినట్టు కాకుండా, నిర్ణయం వినిపించినట్టూ కాకుండా ఫోన్ చేయండి. "వదినా, రెండు రోజులు మీ దగ్గరుంటాం. తర్వాత పాపను తెల్లారేసరికి సముద్రం దగ్గర నడిపించాలని బీచ్ పక్కన గది తీసుకుంటున్నా. మీరూ ఒక రోజు మాతో రండి" అంటే మూడు మాటల్లో అయిపోతుంది. ఆమె వస్తానంటే ఆ రోజు పట్టిక మారుతుందని తెలిసే పిలవండి. ఆమె మోకాళ్లకు కొండలు పడకపోవచ్చు, ఆమెకు గుడి ముఖ్యం కావచ్చు. ఆ రోజును సింహాచలానికి కేటాయిస్తే ఇద్దరికీ కుదురుతుంది. ఫోన్ మీరు చేయాలా, ఆమె తమ్ముడైన మీవారు చేయాలా అంటే, మీరు చేసి మాట మధ్యలో ఆయనకు అందించడం మేలు. ఆయన ఒక్కరే చేస్తే "మీ ఆవిడ హోటల్లో ఉంటుందట" అన్న ఒక్క ముక్క మిగిలి, కారణం మాయమవుతుంది.

మీవారి "నీ ఇష్టం" గురించి నా అభిప్రాయం చెబుతాను, పొరపాటైతే మీరే సరిదిద్దుకోండి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోతుందేమోనని నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు వింటూ నిద్రపోయే మనిషికి, అక్టోబరులో వారం రోజుల ప్రయాణం అనేది ఊహకు కూడా అందే విషయం కాదు. ఆయన కాదనలేదు, ఔననడానికి ఆయనకు వివరాలూ తెలియవు. "పోదామా, పోమంటారా" అన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు రాదు. ఏ రోజు బయలుదేరి ఏ రోజు వస్తారు, ఎక్కడ ఉంటారు, ఎంత ఖర్చవుతుంది, ఆ రోజుల్లో అత్తగారి మందులూ భోజనమూ ఎవరు చూస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. అప్పుడు ఆయనకు అభ్యంతరం ఉంటే అది దేనికో బయటపడుతుంది. డబ్బుకైతే ఒక మాట, మీ ఇద్దరి భద్రతకైతే మరో మాట, తనను వదిలి వెళుతున్నారన్న చిన్నబుచ్చుకోవడమైతే వేరే మాట. చివరిదైతే, పట్టుబడి అయిపోయి చెరువు ఖాళీగా ఉండే రోజులు సెలవుల్లో పడతాయేమో చూసి, ఆఖరి రెండు రోజులకు ఆయనను రమ్మనవచ్చు. ఆయన వచ్చాక నడకలు తగ్గి ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యల ధరల విచారణ పెరుగుతుంది, దానికి సిద్ధపడే పిలవండి. పంట మధ్యలో ఉంటే బలవంతం చేయకండి. మనసు చెరువు గట్టుమీద వదిలి వచ్చిన మనిషి మీకూ తోడు కాదు, ఆయనకూ విశ్రాంతి కాదు.

తేదీల విషయంలో దసరా సెలవుల మొదటి భాగమే మేలు. దుర్గాష్టమి నాటికి ఇంటికి చేరేలా చూసుకుంటే పండగ పూట కోడలు ఊళ్లో లేదన్న మాట రాదు. ఎండాకాలం సెలవులు పొడుగే గాని, ఆ ఉక్కపోతలో ఉదయం ఎనిమిది దాటితే కొండ ఎక్కలేరు. దసరా రోజులకు కొండలు పచ్చగా ఉంటాయి, కాకపోతే అది తుపానుల కాలం కూడా. 2014లో హుద్‌హుద్ ఆ ఊరిని తాకింది అక్టోబరు 12న. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవలసిందే. మామూలు వానకు మాత్రం పట్టికలో ఒక రోజు ఖాళీగా వదలండి.

ఇప్పుడు ఆ పట్టిక. దాన్ని చదువుతుంటే ప్రధానోపాధ్యాయుడికి చూపించడానికి వేసిన టైంటేబుల్‌లా ఉంది. ఒకే రోజున కైలాసగిరి, తొట్లకొండ, దిబ్బలు, భీమిలి, సాయంత్రానికి జలాంతర్గామి మ్యూజియం. ఆ లెక్కన మీరు మళ్లీ కారు అద్దంలోంచే చూస్తారు. నేనైతే మొదట అరకును కొట్టేస్తాను. పొద్దున్నే బయలుదేరే కిరండోల్ రైలు, వరుసగా సొరంగాలు, బొర్రా గుహలు పాపకు నచ్చుతాయనడంలో సందేహం లేదు, కాని అది రాత్రికి గాని తిరిగి రాలేని రోజు, మర్నాడు ఉదయాన్ని కూడా తినేస్తుంది. అరకు చూడవలసిందేనని పాప పట్టుబడితే అక్కడే ఒక రాత్రి ఉండేలా వెళ్లి, బదులుగా తీరంలో రెండు పూటలు వదులుకోండి. రెండూ ఒకే వారంలో ఇరికించబోతే రెండూ చెడతాయి.

గాజువాక వైపు ఉన్న రెండు రోజుల్లో ఒక ఉదయం సింహాచలం. కొండమీదికి బస్సుంది, కిందినుంచి మెట్ల దారి కూడా ఉంది. నడవగలిగితే మెట్లే ఎక్కండి. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడనీ, నిజరూపం అక్షయ తృతీయ నాడే కనిపిస్తుందనీ పాపకు ముందే చెప్పండి, లేకపోతే అక్కడ క్యూలో అడుగుతుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనం ఆ ఆలయంలో ఉంది. ఏడో తరగతి పిల్లకు పాఠంలో చదివిన పేరు రాతిమీద ఉందని చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదు. మరో రోజు యారాడ. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం ఉన్న చోటు అది. లైట్‌హౌస్‌లోకి సందర్శకులను సాయంత్రం కొద్ది వేళ మాత్రమే పంపుతారు, ఆ ప్రాంతం నౌకాదళానిది కనుక గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. యారాడ నుంచి చీకటి పడేదాకా ఆగకండి, తిరుగు వాహనాలు పలచబడతాయి.

బీచ్ వైపు మారాక ఆర్కే బీచ్, పాండురంగాపురం, చినవాల్తేరు ప్రాంతాల్లో గది చూసుకుంటే పొద్దున్నే కాలినడకన తీరం చేరవచ్చు. స్టేషను దగ్గరి లాడ్జీలు చవకే గాని, మళ్లీ ఉదయపు దూరం మొదటికొస్తుంది. గది అద్దెలో మిగిల్చింది ఆటోలకు పోతుంది. మొదటి ఉదయం ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోకుండా బీచ్ రోడ్డు మీద లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం వైపు నడవండి. రేవులోకి వంతు కోసం లంగరేసిన ఓడలు దూరంగా కనిపిస్తాయి. పాప వాటిని లెక్కపెడుతుంది, మీరు వారించకండి. కురుసుర జలాంతర్గామి ఆ రోడ్డు మీదే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. లోపల గుండ్రటి గుమ్మాల్లోంచి వంగి దూరుతూ పోవాలి, అంతమంది నావికులు ఆ ఇరుకులో ఎలా నిద్రపోయేవారో పడకలు చూస్తే అర్థమవుతుంది. సోమవారం సెలవు. మీ పట్టికలో దాన్ని సరిగ్గా సోమవారమే వేశారు, మార్చుకోండి.

ఒక పూర్తి రోజు భీమిలి దారికి ఇవ్వండి, వీలైతే రెండు. బీచ్ రోడ్డు వెంట భీమిలికి 900కె సిటీ బస్సు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, ఆధార్ చూపితే మీ ఇద్దరికీ టికెట్టు డబ్బు ఉండదు. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారాల పునాదులున్నాయి. వాన నీటికోసం బండలో తొలిచిన తొట్లు చూసి, స్తూపం పక్కనుంచి కిందకు చూస్తే సముద్రం మొత్తం పరుచుకుని ఉంటుంది. బిక్షువులు చోటు బాగా ఎంచుకున్నారని మీరే అంటారు. రోడ్డునుంచి పైకి ఎక్కాలి, నీళ్లు మోసుకుపోండి, పైన ఏమీ దొరకదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం తొందరపడకండి. అందరూ రోడ్డు పక్కన ఫోటో దిగి వెళ్లిపోతారు. లోపలికి దిగితే వాన నీరు కోసిన సన్నటి గండ్లు, మనిషికి పైబడిన ఎత్తులో ఎర్రటి గోడలు, వాటిలోంచి బయటపడ్డ జీడిమామిడి వేళ్లు కనిపిస్తాయి. గాలీ సముద్రమూ కలిసి వేలాది ఏళ్లలో పేర్చిన ఇసుక అది, చేత్తో తాకితే రాలుతుంది. ఎక్కడం, గోకడం వద్దని పాపకు చెప్పండి. వాన కురిసిన రోజు దిగవద్దు, గోడలు విరిగిపడతాయి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి పాత సమాధులు చూసి సాయంత్రపు బస్సుకు తిరిగి రావచ్చు. కంబాలకొండ అడవిలో నడక మరో ఉదయానికి సరిపోతుంది. కైలాసగిరికి రోప్‌వే ఉన్నా మెట్ల దారి ఒకసారి ప్రయత్నించండి. తిండి గురించి నేను చెప్పేదేమీ లేదు, చేపల పులుసు విషయంలో నెల్లూరు మనిషికి ఏ ఊరూ నచ్చదు. మరమరాలతో కలిపే మురీ మిక్చర్ మాత్రం బీచ్‌లో నిలబడే తినండి.

నీటి విషయంలో గట్టిగా ఉండండి. తీరగ్రామంలో పుట్టిపెరిగిన వాళ్లం, మాకు తెలియని అలలా అన్న ధీమా అక్కడ పనికిరాదు. ఆర్కే బీచ్‌లో నాలుగడుగులు వేసేసరికి నేల ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి పోయే అల బలంగా లాగుతుంది. యారాడలోనూ అంతే. అక్కడ మడమలు తడిస్తే చాలు. పాపకు నీళ్లలో ఆడాలని ఉంటే రుషికొండకు తీసుకెళ్లి, లైఫ్‌గార్డులు కనిపించే చోట, వారు ఈల వేస్తే బయటికొచ్చే షరతు మీద దింపండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం అది, బట్టలు మార్చుకునే గదులూ ఉన్నాయి. కయాక్ వంటివి ఎక్కాలనుకుంటే లైఫ్ జాకెట్టు బిగించకుండా ఎక్కనివ్వకండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, దసరా రద్దీకి రాత్రి రైళ్లలో బెర్తులు ఆ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతాయి. ఆ తేదీకి ముందే మీవారి ముందు కాగితం పెట్టి, వదినగారికి ఫోన్ చేసి ఉండాలి. టికెట్టు తీసుకున్నాక చేసే ఫోనుకూ, తీసుకోకముందు చేసే ఫోనుకూ ఆమెకు తేడా తెలుస్తుంది. రానూ పోనూ ఒకేసారి తీసుకోండి. తిరుగు ప్రయాణానికి విశాఖపట్నం స్టేషన్లోనే ఎక్కండి, మీ గది అప్పటికి ఆ వైపే ఉంటుంది.